నాలుగు వందల తొంభై తొమ్మిది గజాలు

మాకు ఆటలు నేర్పిన పీడీ సార్ పోయారు. మొన్న బుధవారం పొద్దున ఫోన్ చేసి ఆ మాట చెప్పినవాడు కాలేజీ జట్టులో నాకు బంతి విసిరిన స్నేహితుడు. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో టైల్స్ షాపు నడుపుతున్నాడు. "అరే, సార్ పోయిండు రా" అన్నాడు. తర్వాత వాడే, "ఆరు దాటి పదకొండు నిమిషాలకట. సార్ వాళ్ళ మేడమ్ గడియారం చూసి రాసి పెట్టింది" అన్నాడు. ఏడుస్తూనే నవ్వేశాను. ఉజ్జాయింపుగా చెబితే మా సార్‌కు ఒళ్ళు మండేది మరి.

నేను డిగ్రీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాను. ఎల్‌బీ నగర్‌లో! మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. వారంలో రెండు రోజులు బంద్, మూడు రోజులు ధర్నా. కాలేజీ తెరిచేది తక్కువ. సార్‌కు ఊరికే కూర్చోవడం చేతకాదు. ఎవరో కొని వాపసు చేసిన కోడిగుడ్డులాంటి బంతి ఒకటి కోఠిలో సగం ధరకు దొరికితే పట్టుకొచ్చారు. నెట్ సెంటర్‌లో రూల్స్ ప్రింట్ తీయించారు. హెల్మెట్లు కావాలంటే ఎవరి బండి హెల్మెట్ వాళ్ళనే తెచ్చుకోమన్నారు.

నన్ను వైడ్ రిసీవర్ చేశారు. అంటే ఏంటి సార్ అని అడిగాను.

"ఏం లేదు బిడ్డా. దూరం ఉరుకు. బాల్ ఒస్తది, పట్టుకో. పట్టుకొని ఇంక దూరం ఉరుకు. గంతే."

గ్రౌండ్ మాత్రం లేదు. ఉద్యమం దెబ్బకు ప్లాట్లు అమ్ముడుపోక ఎల్‌బీ నగర్ అవతల ఓ వెంచర్ ఖాళీగా పడి ఉండేది. తెల్ల సున్నం కొట్టిన హద్దురాళ్ళు వరసగా నిలబడి ఉండేవి. ఆ ఆటలో పది గజాలకో గీత ఉండాలి. ప్లాటు ముఖం ముప్పై అడుగులు, అంటే సరిగ్గా పది గజాలు. సార్ ఆనందం చూడాలి! "రియల్ ఎస్టేటోడు మనకోసమే గీసి పెట్టిండు రా!" అని చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి మా లెక్కలన్నీ ప్లాట్లలోనే. రెండు ప్లాట్లు పరిగెత్తితే ఇరవై గజాలు.

నా ఆట మొత్తం సార్ పుస్తకంలో ఉండేది. ఎన్ని పట్టాను, బంతిని ఎన్ని గజాలు ముందుకు తెచ్చాను అన్నీ నీలం సిరాతో. జారవిడిచినవి ఎర్ర సిరాతో, కారణంతో సహా. "ఎండ కండ్లల్ల పడ్డదని చెప్పిండు. మబ్బు పట్టి ఉన్నది" అని ఒకచోట రాశారు. "బాల్‌ను చూడలే. రోడ్డు మీద పోయే పిల్లను చూసిండు" అని ఇంకోచోట. ఆ పేజీ మా నాన్న చదివారు. ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ రాయను.

నాన్న తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన బ్యాంకు ఉద్యోగి. సార్‌ది నల్గొండ దగ్గర పల్లె. మెడలో జై తెలంగాణ కండువా వేసుకుని మా ఇంటికి వచ్చి, మా అమ్మ చేసిన కాఫీ తాగుతూ నాన్నతో గొడవ పడేవారు. "ఏమండీ మాస్టారూ, మేమేం ఎత్తుకుపోయామండీ?" అని నాన్న. "మా వాటా మాకు కొలిచి ఇయ్యున్రి అంటున్నం సార్, గంతే గదా!" అని ఆయన. గొంతులు లేచేవి. కప్పులు మాత్రం ఖాళీ అయ్యేవి.

ఇంతలో రాష్ట్ర జట్టు ఎంపిక వచ్చింది. పోటీలు విజయవాడలో. పిలుపు రావాలంటే కనీసం ఐదు వందల గజాలు ఉండాలి, పీడీ సంతకంతో కాగితం పంపాలి. ఎంపిక కాకపోతే బంతి వదిలేసి బ్యాంకు కోచింగ్‌లో చేరతానని నాన్నకు మాటిచ్చాను. సార్ పుస్తకం ప్రకారం నావి ఐదు వందల పన్నెండు. నేల మీద కాలు నిలవలేదు నాకు.

సరిగ్గా అప్పుడే ఆ వెంచర్‌లో ప్లాటు కొన్నాయన టేపు పట్టుకుని వచ్చి చచ్చేంత గొడవ చేశాడు. ముప్పై అడుగులన్న ప్లాటు ఇరవై ఎనిమిదే ఉందట! ఒక్కటి కాదు, అన్నీ అంతే. కొన్నవాళ్ళు లబోదిబోమన్నారు. సార్ మాత్రం పుస్తకం తీసుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

రెండు రోజుల తర్వాత, బంద్ నాడు, మధ్యాహ్నం మా ఇంటి గుమ్మంలో నిలబడ్డారు. బస్సుల్లేవు, నడిచొచ్చారు. చెమటకు కండువా రంగు చొక్కాకు అంటుకుంది. "మొత్తం మళ్ళ లెక్క చేసిన. నాలుగొందల డెబ్భై ఎనిమిది" అన్నారు.

"విజయవాడలో ఎవరు కొలుస్తారు సార్?" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. నాకు కోపం నషాళానికి అంటింది. "మేం ఆంధ్రావాళ్ళమనే కదా సార్!" అని అరిచేశాను.

నాన్న కూడా బిత్తరపోయి చూశారు. సార్ మెల్లగా కుర్చీలో కూర్చున్నారు.

"మా వాటా తప్పు కొలిచిన్రని రోడ్డు మీద కూసుంటున్న బిడ్డా. నీ గజాలు నేనే తప్పు కొలిస్తే రేపు గా ధర్నా టెంట్ల ఏం ముఖం పెట్టుకొని కూసోవాలె?" మంచినీళ్ళు తాగి మళ్ళీ అన్నారు. "ఇరవై రెండు తక్కువున్నయ్. సైదాబాద్ టీమోళ్ళ దగ్గరికి పోయొస్తున్న. రేపు గూడ బంద్ గదా, నడిచొచ్చి ఆడతమన్నరు. జర మంచిగ ఉరుకు."

అంటే సైదాబాద్ దాకా నడిచి, వాళ్ళను బతిమాలి, అక్కడి నుంచి మా ఇంటికి వచ్చారన్నమాట. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అమ్మ కాఫీ పెట్టింది.

మర్నాడు ఆట చివర్లో ఒక్క బంతి చేతికి చిక్కింది. హద్దురాళ్ళ పక్కనే దుమ్ము లేపుతూ పరిగెత్తాను. వాళ్ళ జట్టంతా మీద పడే దాకా ఆగలేదు. సార్ టేపుతో మోకాళ్ళ మీద కూర్చుని కొలిచారు. ఇరవై ఒకటి. మొత్తం నాలుగు వందల తొంభై తొమ్మిది.

"ఐదొందలు రాసెయ్యున్రి సార్!" అని మావాళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డారు. సైదాబాద్ కెప్టెన్ కూడా "మాకేం పరేషాన్ లేదు సార్, రాస్కోండి" అన్నాడు. సార్ టేపు మళ్ళీ లాగి చూశారు. మళ్ళీ ఇరవై ఒకటే. అదే రాసి, సంతకం చేసి, జారవిడిచిన వాటి లెక్కతో సహా పంపారు. ఆ వారమంతా నేనాయనతో మాట్లాడలేదు.

తర్వాతి వారం విజయవాడ నుంచి ఫోన్. "మాస్టారూ, అందరూ వెయ్యి, పన్నెండొందలు అని పంపారండీ. నమ్మబుద్ధయ్యే కాగితం మీదొక్కటే. కుర్రాణ్ణి పంపండి" అన్నారట. వెళ్ళాను. అక్కడ నా ప్రతాపం ఒక్క క్యాచ్, నాలుగు గజాలు. మిగతా సమయమంతా బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాను. వచ్చి కోచింగ్‌లో చేరాను. అయినా రాష్ట్రానికి ఆడినవాణ్ణే కదా!

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ చివరి పరుగులో, పద్దెనిమిదో గజం దగ్గర, నా ఎడమకాలు హద్దురాయి అవతల పడింది. అక్కడితో ఆట ఆగిపోవాలి. దుమ్ములో ఎవరూ చూడలేదు. ఆ మూడు గజాలు నావి కావు.

పోయిన నెల దవాఖానలో సార్‌ను చూడటానికి వెళ్ళినప్పుడు చెప్పేశాను. మంచం మీద చిక్కి సగమై ఉన్నారు. తిడతారనుకున్నాను. మేడమ్ వైపు తిరిగి, "ఇంట్ల నుంచి గా పుస్తకం తెప్పియ్యి" అన్నారు.

గంటలో వచ్చింది. పెన్ను నా చేతికిచ్చారు. "కొట్టేసి రాయి."

499 కొట్టేసి 496 రాశాను. కింద సంతకం పెట్టమన్నారు, పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకుని, పేజీ ముఖానికి దగ్గరగా తెచ్చుకుని, ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూసుకున్నారు. "ఇగ మంచిగున్నది" అన్నారు. సూది గుచ్చిన ఆ చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. నర్సు వచ్చి బయటికి పొమ్మని రెండుసార్లు చెప్పింది. ఆయన వదల్లేదు.