నెంబరు పెరిగితే తీగ లావా, సన్నమా

ఇందులో ప్రతి అక్షరం నిజం. కాకపోతే రాస్తున్న ఈ చెయ్యి మోచేతి దాకా పడిపోవాలి. నౌపడ ఉప్పు మడుల్లో తిమింగలాన్ని చూశానని చెప్పినప్పుడు కూడా నేను ఇంత పెద్ద ఒట్టు వేయలేదు.

బొబ్బిలిలో కంప్యూటరు సెంటరు నడుపుతున్న రోజులు. మా బాప్టిస్టు చర్చిలో దొరల కాలం నాటి పియానో ఉండేది. దాన్ని మా మేనత్త వాయించేది. చూపు బాగా తగ్గినా ఆ తెల్ల నల్ల మెట్లు ఆవిడ వేళ్లకు తెలుసు. తీగలు ఒక్కొక్కటే తెగుతున్నాయని సంఘ పెద్దలు ఎలక్ట్రానిక్ కీబోర్డు తెచ్చారు. దాని నిండా బొత్తాలు, తెర మీద అక్షరాలు. అత్తకు అదీ గోడా ఒకటే. పియానో పోతే ఆవిడకు ఆదివారం లేనట్టే.

కొత్త తీగలు బిగిస్తే లోపలి ఇనుప చట్రం ఆగుతుందని ఎవరైనా లెక్క కట్టి చూపిస్తే ఉంచుతామనీ, లేదంటే పాత ఇనుముకి ఇచ్చేస్తామనీ అన్నారు పెద్దలు. పియానోల శాస్త్రం మద్రాసులో చదివానని అంతకు ముందే కోతలు కోసి ఉన్నాను కనుక అందరూ నావైపే చూశారు.

ఇంటర్నెట్‌లో ఒక ప్రోగ్రాము దొరికింది. ప్రతి తీగ పొడవూ, మందం తెలిపే గేజి నెంబరూ, పలికే స్వరమూ ఇస్తే అది చట్రాన్ని ఎంత బలంగా లాగుతుందో గీత గీసి చూపిస్తుంది. మంచి పియానోకి ఆ గీత నున్నగా సాగాలి. పొడవులు నేను టేపుతో కొలిచాను. మందం చూడటానికి వీణలు చేసే బావని పిలిచాను. వరసకు బావ కాదు, పిలుపుకే. అతని దగ్గర చుట్టూ గాట్లున్న గుండ్రటి ఇనుప బిళ్ల ఉంది. తీగ ఏ గాటులో పడితే ఆ గాటు మీది అంకే దాని నెంబరు.

“ఇరవై రెండు. రాసుకో బావా,” అన్నాడు.

“సరిగ్గా సూడు.”

“వీణలు నువ్వు సేస్తన్నావా, నేను సేస్తన్నానా?”

అన్నీ ఎక్కించాను. కింది స్వరాల దగ్గర బుద్ధిగా ఉన్న గీత, పై స్వరాలకు వచ్చేసరికి తాడిచెట్టు ఎక్కేసింది. మూడుసార్లు మళ్లీ కొట్టాను. మూడుసార్లూ ఎక్కింది.

“ఏటంతన్నాదిరా నీ పెట్టె?” అంది అత్త.

“సట్రం పగిలిపోతాదంట అత్తా.”

“ఊరందరికీ అబద్ధాలు సెప్తావు కదరా. ఇది కూడా అబద్ధమని సెప్పు నాయినా.”

“నేనాడతాను గానీ కంప్యూటరు ఆడదత్తా.”

ఆ కాగితం పెద్దలకు ఇచ్చాను. పియానోని వరండాలోకి ఈడ్చారు.

ఆ తర్వాత బావ కొట్లో కూర్చుని ఉంటే ఎవరో వీణ తీగకి వచ్చారు. “సన్నది కావాలంటే పెద్ద నెంబరు అడగాలండి. నెంబరు పెరిగితే తీగ సన్నమైపోతాది,” అన్నాడు బావ.

నేను ఎక్కించినవి అతని బిళ్ల మీది నెంబర్లే. ఇంటికెళ్లి ప్రోగ్రాము వివరాలు చదివాను. పియానో తీగల లెక్క వేరు. అక్కడ నెంబరు పెరిగితే తీగ లావు. అంటే పైస్వరాల సన్న తీగలన్నిటినీ నేను లావు తీగలని ఎక్కించాను. చట్రానికి ఏ ప్రమాదమూ లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పాత ఇనుము కొట్టుకి పరిగెత్తాను. అప్పటికే సమ్మెటతో చట్రాన్ని ముక్కలు చేసేశారు.

ఈ పరిగెత్తడం ఒక్కటే కల్పించాను. తప్పు తెలిసిన రోజున పియానో ఇంకా వరండాలోనే ఉంది. పాత ఇనుము బండి రావడానికి మరో రెండు రోజులు పట్టింది. మద్రాసులో చదివినవాడు నెంబరు తిరగేశాడని ఊరు నవ్వుతుందని నేను నోరు విప్పలేదు. ఆ రెండు సాయంత్రాలూ అత్త వరండాలో స్టూలు వేసుకుని, తెగని తీగలు పలికే మెట్లు వెతుక్కుంటూ వాయించింది. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టింది.

“నువ్వేటి సేస్తావురా, లెక్క అలాగొచ్చినాది.”

“ఔనత్తా,” అన్నాను.