బాప్తిస్మం తొట్టిల లావెండర్ నురగ

పోయిన శనివారం నన్ను మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళు నేల కింద నుంచి బయటికి తీసిన్రు. ఈ ముక్క నేనే ముందుగాల చెప్పేస్తున్న. వేరేవాళ్ళ నోట వింటే అది ఇంకో తీరుగ ఉంటది.

నన్నెరుగనోళ్ళు మణుగూరు కాలనీల తక్కువే గాని, ఉన్నరనుకొని చెప్తున్న. నేను ఏలియాను. బొగ్గుబాయిల సర్దారుగ చేసి రిటైరైన. నా కర్ర కొస తాకితే చాలు, బాయి కప్పు తన కష్టసుఖాలన్నీ నాతోటి చెప్పుకునేది. పడే బండ నేను పక్కకు జరిగినంకనే పడేది. ఒకసారి సెకండ్ షిఫ్టుకు పోతుంటే అడవిల పులి ఎదురొచ్చి, నా ముఖం చూసి దారిచ్చింది. అది పులి కాదు, అడవిపిల్లి అంటది నా భార్య సువార్తమ్మ. ఆమె ఆ రోజు అక్కడ లేదు.

సర్దారు అంటే ఏందో కూడ చెప్పాలె. బాయిల పని మొదలయ్యే ముందు సర్దారు ఒక్కడే లోపలికి పోతడు. కప్పును కర్రతోటి కొట్టి చప్పుడు వింటడు, గాలి చూస్తడు, నీళ్ళు చూస్తడు. అంతా బాగుంటే సుద్దముక్కతోటి గోడ మీద గుర్తు పెడతడు. ఆ గుర్తు చూసినంకనే మిగతావాళ్ళు అడుగు పెడతరు. నా గుర్తు చూడంది అడుగు ముందుకెయ్యనోడు ఒకడుండె. పేరు డానియేలు. బొగ్గు డబ్బాలు గుంజే హాలర్ నడిపేటోడు, నా జతగాడు.

ఈ కథంతా ఆ డానియేలు కోసమే జరిగింది.

డానియేలుది పుట్టుకతోటి చర్చి కుటుంబమే. గాని మా సంఘంల పెద్దయినంక, తెలివొచ్చినంక, నీళ్ళల్ల మునిగి బాప్తిస్మం తీసుకోవాలె. ఆయన ఇప్పటిదాక తీసుకోలే. పెండ్లయినంక అన్నడు, పిల్లలు పెద్దగయినంక అన్నడు, రిటైరైనంక అన్నడు. అసలు సంగతి, ఆయనకు నీళ్ళంటే భయం. భద్రాచలం పోయినా గోదావరి దిక్కు చూడడు. ఇంట్ల కూడ నెత్తి మీద చెంబుతోటి కొద్దికొద్దిగ పోసుకుంటడు. ఆయన భార్య రత్నమ్మ ఏండ్ల సంది ఈ ఒక్కదాని కోసమే మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తున్నది.

పోయిన నెల ఎట్లనో ఒప్పుకున్నడు. మొన్నటి ఆదివారానికి ఖాయమైంది. ఆ వారం రత్నమ్మ మా ఇంటికొచ్చి, చాయ కూడ ముట్టకుండ నా ముందు కూసున్నది.

"అన్నా, ఒక మాట అడుగుత, కోపం చెయ్యొద్దు. ఆ రోజు బాయిల నీళ్ళొచ్చినప్పుడు ఏడిదాక వచ్చినయ్?"

ఆ సంగతి తెలవనోళ్ళు లేరు. పాత గుంతలకెళ్ళి నీళ్ళు తన్నుకొని మీదికొచ్చినయ్. మెడ దాక! డానియేలును భుజాల మీద ఎక్కించుకొని, క్యాప్ లైటు పండ్లల్ల పట్టుకొని, ఈదుకుంట బయటపడిన. పెండ్లిండ్లల్ల చెప్పిన, రిటైర్‌మెంట్ ఫంక్షన్లల్ల చెప్పిన, చాయ్ హోటల్ల అయితే ఎన్నిసార్లు చెప్పిన్నో నాకే తెలవదు. అదే మళ్ళ మొదలువెట్టబోయిన.

"మొదట్ల ఆయన ఇంటికొచ్చి మోకాళ్ళ దాక అని చెప్పిండన్నా," అన్నది రత్నమ్మ. "నువ్వు చెప్పంగ చెప్పంగ అవి నడుం దాక వచ్చినయ్, ఛాతీ దాక వచ్చినయ్, ఇప్పుడు మెడ దాక వచ్చినయ్. ఆయనకు ఇప్పుడు అసలుది యాదికి లేదు, నీదే యాదికున్నది. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నడు. ఈ ఆదివారం తప్పితే ఇగ నా బతుకుల ఆయన దిగడు."

సువార్తమ్మ నా దిక్కు చూడలే. తిట్టినదానికంటె అదే ఎక్కువ అనిపించింది.

నేను లేచి నిలబడ్డ. "చెల్లే, ఆ తొట్టి జిమ్మెదారి నాది. శనివారం నేనే నింపుత. నేనే ముందుగాల దిగి, లోతు చూసి, లోపల గోడకు సుద్దతోటి గుర్తు పెడత. నా గుర్తు చూస్తే డానియేలు దిగకుండ ఉంటడా?" అన్న. రత్నమ్మ అప్పుడు చాయ తాగింది.

ఇగ మా చర్చి తొట్టి సంగతి. అది బయటికి కనపడది. అయ్యగారు నిలబడి వాక్యం చెప్పే స్టేజీ కింద సిమెంటుతోటి కట్టించిన్రు. లోపలికి మెట్లుంటయ్. పైన చెక్కలు పరిచి ఉంటయ్. బాప్తిస్మం ఉన్ననాడే చెక్కలు తీస్తం. బోరు ఎండాకాలంల ఎండిపోయింది. నల్లా దినం తప్పి దినం వస్తది. శనివారం వచ్చిన నీళ్ళే ఆదివారానికి. మళ్ళ సోమవారం దాక చుక్క దొరకదు. ఈ మాట గుర్తుంచుకోండ్రి. నేను గుర్తుంచుకోలే.

శుక్రవారంనాడు ఖమ్మం బస్సుల మా బిడ్డ స్నేహలత పంపిన డబ్బా దిగింది. ఆమె ఖమ్మం దవాఖానల నర్సు. నా నడుం నొప్పి ముచ్చట విని విని పంపినట్టుంది. తెరిస్తే ఒక లావెండర్ ఉప్పు ప్యాకెట్టు, నురగొచ్చే సీసా ఒకటి, నీళ్ళల్ల ఏస్తే కరిగిపోయే ఊదారంగు ఉండ, వాసన కొవ్వొత్తి, వాటి కింద ఒక కొత్త నవల. ఈ ఏడు అందరూ చదువుతున్న నవలంట. పట్నంల అందరూ గిట్లనే రెస్టు తీసుకుంటున్నరు నాన్నా, గోరువెచ్చటి నీళ్ళల్ల ఇవి కలుపుకొని పుస్తకం చదువుకుంట పండుకో అని ఫోన్ల చెప్పింది. ప్యాకెట్టు మీద ఒకామె తెల్లటి తొట్టిల కండ్లు మూసుకొని పండుకొని ఉన్నది. ప్రపంచంల ఆమెకు ఏ బాధా లేదు.

మా క్వార్టరు బాత్రూంల నేనూ బకెటూ ఇద్దరం ఒక్కసారి పట్టం. ఇగ ఏడ పండుకోవాలె? గిట్ల ఆలోచిస్తుంటేనే, ఈ మండలం మొత్తంల మనిషి కాళ్ళు చాపుకునే తొట్టి ఒక్కటే ఉన్నదని, దాని తాళంచెవి నా జేబులనే ఉన్నదని తట్టింది.

పాపమా కాదా అని చానసేపు ఆలోచించిన. రేపు అయ్యగారు ప్రార్థన చేసేదాక అవి నల్లా నీళ్ళే గదా. లోతు చూసేటందుకు ఎట్లనూ దిగాలె గదా. దిగినోడు నిలబడి చూస్తే ఏంది, పండుకొని చూస్తే ఏంది? పండుకొని చూస్తేనే పరీక్ష పక్కాగ ఉంటదని నిర్ణయం చేసిన.

శనివారం బువ్వ తిని, చర్చికి పోయి, మెట్ల కాడి చెక్క పక్కకు జరిపి, నల్లాకు పైపు తగిలించి తొట్టిల ఏసిన. ఎండకు పైపు కాగి నీళ్ళు గోరువెచ్చగనే పడుతున్నయ్. నడుం దాక నిండినంక మిగిలినవి పక్క గొట్టంల నుంచి బయటికి పోతయ్, అందుకే పైపు తియ్యలే. అంగి, ప్యాంటు పక్క గదిల కొక్కేనికి తగిలించి, లుంగీ, బనీనుతోటి దిగిన. సుద్దముక్క అంగి జేబులనే ఉండిపోయింది.

సీసా మీద ఒక మూత పొయ్యమని రాసి ఉన్నది. అది ఇంట్ల తొట్టికి. ఇది సంఘానికంతా సరిపోయే తొట్టి. సీసా మొత్తం పోసిన. ఉప్పు ప్యాకెట్టు మొత్తం పోసిన. ఉండ ఏసిన. బాయిల మందు పేల్చిన చేతులివి, అయినా అది బుసబుస పొంగుతుంటే ఒక మెట్టు వెనక్కు జరిగిన. నీళ్ళు వంకాయరంగు తిరిగినయ్. కొవ్వొత్తి ముట్టించి మెట్టు మీద పెట్టుకొని, నవల తెరిచిన.

నవల మంచిది. అబద్ధం చెప్పను. అడవి ఊర్లకు మందులు మోసుకపోయే నర్సమ్మ ఒకామె నాటుపడవ ఎక్కుతది. పడవ అవతలి ఒడ్డుకు చేరుతది, ఆమె చేరది. ఎటు పోయింది? పడవోడు చెప్పడు, మొగడు చెప్పడు. నడుం నొప్పి ఏడనో పోయింది. లోతు పోయింది, సుద్ద పోయింది, డానియేలు కూడ యాది నుంచి పోయిండు.

చివరి అధ్యాయంల పడ్డ. అప్పుడే గేటు చప్పుడైంది.

స్త్రీల సమాజం! పాటల ప్రాక్టీసు సాయంత్రం ఉండె. సాయంత్రం ఎవరింట్లనో ప్రార్థన కూడిక ఉందని ఎండలనే వచ్చేసిన్రు. ముందు నడుస్తున్న గొంతు సువార్తమ్మది. తడి లుంగీతోటి లేచి పక్క గదికి ఉరుకుడా? వాళ్ళు అప్పటికే గుమ్మంల ఉన్నరు. నేను చెయ్యి పైకి చాపి చెక్కను నా నెత్తి మీదికి గుంజుకున్న.

చీకటి నాకు కొత్తా? బతుకంత చీకట్లనే కూసున్న. కప్పు గట్టిగనే ఉన్నదని చెక్కను వేలుతోటి కొట్టి చూసుకున్న గూడ. వాళ్ళు నా నెత్తి మీదనే నిలబడి బాప్తిస్మం పాట అందుకున్నరు. ఆ మాట నిజంగ చెప్తున్న, అంత బాగ పాడంగ నేనెప్పుడు వినలే. కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. కొవ్వొత్తి పొగ వల్ల కూడ కావచ్చు.

గాని పైపు పడుతనే ఉన్నది. పైపు పడ్డకొద్ది నురగ పుడుతనే ఉన్నది. ముందుగాల నా గడ్డం దాక వచ్చింది, తర్వాత చెవులు కప్పింది, తర్వాత చెక్కల సందులల్లకెళ్ళి పైకి పోయింది. పైన ఒక గొంతు ఆగింది. ఇంకోటి ఆగింది. వరుసగ అందరూ ఆగిన్రు. అక్కా, కాళ్ళ కింద తెల్లగ ఏందో లేస్తున్నది అన్నది ఒకామె. ఇంకొకామె పొగ కూడ వస్తున్నదన్నది. ఎవరో చిన్నగ ప్రార్థన మొదలువెట్టిన్రు.

సువార్తమ్మ గట్టిగ వాసన పీల్చిన చప్పుడు నాకు కిందికి వినపడ్డది.

"ఇది మా ఇంటి వాసన," అన్నది. "చెక్క తియ్యండమ్మా."

తీసిన్రు. వెలుతురు పడ్డది. ఇగ దాచుకునేది ఏముంది? లేచి నిటారుగ నిలబడ్డ. ఒక చేతిల నవల, ఒక చేతిల కొవ్వొత్తి, నెత్తి నుంచి ఛాతీ దాక నురగ. సమాజం సమాజమంతా గుండ్రంగ నిలబడి చూస్తున్నది. పెద్దరికం నిలబెట్టుకోవాలె గదా, ఏమనాల్నో తోచక, "వందనాలమ్మా," అన్న.



నవ్వుతరనుకున్న. నవ్వేటోళ్ళే గాని రత్నమ్మ పోయి బెంచీ మీద కూలబడ్డది. ఆమె ఆ వంకాయరంగు నీళ్ళ దిక్కు చూస్తున్నది. అప్పుడు నాకు సోమవారం నల్లా యాదికొచ్చింది. పైపు చూస్తే, నీళ్ళు ఆగిపోయినయ్ కూడ.

బాయిల నాకు గుండె జారింది లేదు. ఆ బెంచీ ముందట జారింది.

పొద్దుగూకేదాక అందరం కలిసి బకెట్లతోటి, చాటలతోటి నురగ తోడినం. నేను తోడినంత ఎవ్వరు తోడలే. ఒక బకెట్ ఖాళీ అయితుంటే సువార్తమ్మ ఇంకోటి నా చేతిల పెట్టింది. అయ్యగారు వచ్చి, వంగి నీళ్ళు దోసిట్లకు తీసుకొని చూసిండు. నీళ్ళకు రంగున్నా వాసనున్నా బాప్తిస్మానికి అడ్డం లేదన్నడు. దిగేటోడు దిగితే చాలన్నడు. దిగేటోడు దిగుతడా అన్నదే అందరి మనసుల ఉన్నది. కాలనీ మొత్తం తెలిసిపోయింది, డానియేలుకు తెలవకుండ ఉంటదా?

ఆదివారం పొద్దున డానియేలు తెల్ల బట్టలల్ల వచ్చిండు. తొట్టి అంచు దాక నడిచి ఆగిపోయిండు. చర్చంతా లావెండర్ వాసన. లోపలి గోడల దిక్కు ఒక్కొక్కటే చూసుకుంట వచ్చిండు.

"గుర్తేది సర్దారన్నా?"

నేను జేబుల చెయ్యి పెట్టి సుద్దముక్క తీసిన. అరగలే, తడవలే. దాన్ని చూపించి, గుర్తు పెట్టుడు మరిచిపోయిన అని ఒప్పుకున్న. నా జన్మల మొదటిసారి.

"లోతు ఎంత?"

చెప్పబోయిన. రత్నమ్మ నా కంటే ముందే లేచింది.

"ఆయనను అడగకు. మేమందరం మా కండ్లతోటి చూసినం. నిలబడితే నడుం దాకనే."

డానియేలు స్త్రీల సమాజం వరుస దిక్కు తిరిగిండు. ఒక్కొక్కరి ముఖం చూసిండు. ఒక్కొక్కరు తల ఊపిన్రు. సువార్తమ్మ చెయ్యి తన నడుం కాడ పెట్టి చూపించింది.

"ఇందులనే పండుకొని పుస్తకం చదివినవంట గదా అన్నా?"

"అవ్," అన్న.

డానియేలు ముఖం తేటపడ్డది. "నీళ్ళ గురించి నువ్వు చెప్పకముందే ఇంకొకళ్ళ నోట వినుడు నాకు ఇదే మొదలు," అన్నడు. అయ్యగారి చెయ్యి పట్టుకొని మెట్టు దిగిండు. ఇంకో మెట్టు దిగిండు. మునిగి లేచిండు. రత్నమ్మ ఏడుపు చర్చి బయటికి వినపడ్డది. డానియేలు బట్టతల మీద ఒక నురగ బుడగ నిలబడి, వెలుతురుకు మెరిసి, పగిలింది. ఆ మనిషి మూడు దినాలు పూలతోటలెక్క వాసనొచ్చిండు.

నవల ఇప్పటికీ మా దండెం మీద ఆరుతున్నది. చివరి అధ్యాయం కాగితాలు అంటుకపోయినయ్. ఆ నర్సమ్మ ఎటు పోయిందో నాకు తెలవదు గాని, నేను ఎటు పోయిన్నో మాత్రం భద్రాచలం దాక తెలుసు.

అసలు బాధ ఇది కాదు. నిన్న చాయ్ హోటలు కాడ ఒకడు నా కథ చెప్తుంటే వెనక నిలబడి విన్న. తొట్టిల నీళ్ళు మెడ దాక ఉన్నయంట. నురగ చర్చి పైకప్పుకు తగిలిందంట. స్త్రీల సమాజం వాళ్ళు తాళ్ళేసి గుంజితే గాని నేను బయటికి రాలేదంట. ముందుకుపోయి, అంత లేదు తమ్మీ, నీళ్ళు నడుం దాకనే, నేనే లేచి నిలబడ్డ అని చెప్పిన.

ఒక్కడు నమ్మలే. ఏలియా సర్దారు ఏనాడన్నా ఉన్నదున్నట్టు చెప్పిండా అని చాయ తాగుకుంట నవ్విన్రు.