సాంచాలు ఆగిన మధ్యాహ్నం

నేను టీచర్ని. మొన్న వేసవి సెలవుల్లో సూరత్‌లోని మా తమ్ముడింటికి వెళ్లాను. ఉధ్నాలో వాళ్ల గది గోడకు అవతలే మరమగ్గాలు. అక్కడివాళ్లు సాంచాలంటారు. ఆ మోతకు నా తల పగిలిపోతుంటే, పాలుతాగే మేనల్లుడు మాత్రం హాయిగా నిద్రపోయేవాడు.

ఒక మధ్యాహ్నం వాణ్ణి నాకప్పగించి, మరదలు డాబా మీద బట్టలు ఆరేయడానికి వెళ్లింది. ఇంతలో కరెంటు పోయి మోత ఆగింది. హమ్మయ్య అనుకునేలోపే వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఏ తేలో కుట్టిందేమోనని వాడి చొక్కా విప్పి, పక్కంతా దులిపాను.

మరదలు పరుగున వచ్చింది. "ఏం గాలే వదినా! సాంచాలు బంద్ అయినయ్, గందుకే లేసిండు. జర ఆగు."

కరెంటు వచ్చింది. గోడ మళ్లీ అదిరింది. వెక్కుతూనే వాడు కళ్లు మూశాడు.

బడిలో రోజంతా "సైలెన్స్!" అని అరిచే నేను, నిశ్శబ్దానికి జడుసుకున్న ఆ పసివాణ్ణి చూస్తూ, చొక్కా చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాను.