దుప్పటి కింద రైలు

మొన్న ఆదివారం మా బావమరిది నా ఫోనుకి ఒక వీడియో పంపించాడు. అందులో నా ఈడు పెద్దమనిషి ఎవరో గది నిండా చిన్న రైలుమార్గం పరిచి, వేలెడంత ఇంజనుకి అగ్గిపెట్టెలంత పెట్టెలు తగిలించి, మెళ్లో కెమెరాతో, మొహం నిండా నవ్వుతో అందరికీ చూపిస్తున్నాడు. లక్షలమంది చూశారట. చూస్తుండగానే నా చెవులు ఎంత వేడెక్కాయంటే వాటిమీద అట్టు పోసుకోవచ్చు. వంటింట్లోంచి ఆ వీడియోలో రైలు కూత విన్న మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఇన్నేళ్లయినా ఆవిడ నవ్వూ తగ్గలేదు, నా సిగ్గూ తగ్గలేదు.

మన ఈడువాళ్లకు తెలియనిదేముంది, ఆ రోజుల్లో ఉద్యోగం చేసే మగవాడికి ఉండదగిన సరదాలు పేకాట, సినిమా, కిళ్లీ. నాకేమో రైలు. బెజవాడ వన్ టౌన్‌లో గోడౌన్ల మధ్య, మేడమీద మా అద్దెవాటాలో పెద్దగది అనదగింది ఒక్కటే ఉంటే, అందులో సగం నా రైల్వే ఆక్రమించుకుంది. ఆఫీసు నుంచి రావడం, చొక్కా విప్పడం, కొండపల్లి బొమ్మలు చేసే తేలికపాటి పొణికి చెక్కతో రైలుపెట్టెలు చెక్కుకుంటూ కూర్చోవడం. సైకిలు చువ్వలే పట్టాలు, అగరొత్తి పుల్లలే స్లీపర్లు, ఆకుపచ్చ రంగు కలిపిన రంపపు పొట్టే వరిచేలు. ఇంజనులో తిరిగే మోటారు మా నాన్నగారి టేపురికార్డరుది. అది పాడైపోయిందన్న సంగతి ఆయనకంటే ముందు నాకు తెలిసింది.

కట్టడం ఒక ఎత్తు, దాన్ని ఫొటో తీయడం ఒక ఎత్తు. అరువు కెమెరాతో చెంప బల్లకానించి నేను కాచుకుని ఉంటే, ఇంజను వెనక సాంబ్రాణి పొగ ఊదడం అమ్మ డ్యూటీ. "తొందరగా నొక్కరా నాయనా, నీ రైలు కదిలేలోపు నా ప్రాణం పోయేట్టుంది" అని దగ్గుతూనే ఊదేది. ఫొటోలు కడిగిన స్టూడియో ఆయన, "ఏ స్టేషనండీ ఇది, గుడివాడ దగ్గరా?" అని అడిగిన పాపానికి, ఆ మాట మళ్లీ వినడం కోసం బెజవాడలో ఉన్న స్టూడియోలన్నీ తిరిగాను.

అయితే చుట్టాల్లో నాకు స్థిరపడిన పేరు బొమ్మలతో ఆడుకునే అబ్బాయి. "ఇప్పటికి రెండు సంబంధాలు నీ రైలు కింద పడ్డాయి. మూడోది కూడా పడితే నేనే వెళ్లి తలపెడతా" అనేది అమ్మ. అలాంటి సమయంలో పామర్రు సంబంధం వచ్చింది. అమ్మాయిని చూశాను, నచ్చింది. ఎంత నచ్చిందంటే తిరుగుబస్సులో టిక్కెట్టు తీసుకోవడం మరిచిపోయి కండక్టరు చేత తిట్లు తిన్నాను, ఆ తిట్లు కూడా మంగళవాద్యాల్లాగే వినపడ్డాయి. ఇక వాళ్ల పెద్దలు వచ్చి మా ఇల్లు చూసుకోవడమే మిగిలింది.

రైల్వే పరిచిన బల్ల గదిలోనే బిగించింది కావడంతో గుమ్మంలోంచి బయటికి పోదు. అమ్మే ఉపాయం కనిపెట్టింది. పెళ్లిళ్లకి తప్ప బయటికి తీయని పూల దుప్పటి పరిచి, అటొక బాలీసు ఇటొక బాలీసు వేసి, రైల్వే మొత్తాన్ని దివాన్ చేసేసింది. ఎగుడుదిగుడులు కనిపించినా పాత పరుపు అనుకుంటారని ధైర్యం. దానిమీద ఎవరూ కూర్చోకుండా నాన్నగారిని ముందు కాపలా పెట్టాం.

వచ్చినవాళ్లు కుర్చీలకంటే ఎక్కువయ్యారు. నాన్నగారు కాఫీ పళ్లెం అందుకోవడానికి ఇటు తిరిగారో లేదో, పెళ్లికూతురి నాయనమ్మ "నాకా కుర్చీలు పడవమ్మా" అంటూ వెళ్లి దివాన్ మీద కూర్చుంది. నా స్టేషను అప్పడంలా విరిగింది. అంతటితో పోయినా బాగుండేది. ఆవిడ బరువుకి ఎక్కడో తీగలు కలిసి ఇంజను బయలుదేరింది. దుప్పటి కింద గుప్పెడంత ఉబ్బు ఒకటి బుర్రుమంటూ బాలీసు చుట్టూ తిరిగి, తాపీగా నాయనమ్మ వెనక్కి వస్తోంది.

గోడౌన్ల మధ్య కాపురం కదా, అక్కడ కదిలేదేదైనా పందికొక్కే అయుండాలి. "పందికొక్కు! అత్తయ్యా, లేవండి!" అని పెళ్లికూతురి మేనమామ కేక పెట్టి, గొడుగు తిరగేసి ఒక్కటి వేశాడు. నా ఇంజను కిక్కురుమనకుండా కన్నుమూసింది. దుప్పటి లాగేసరికి కృష్ణా డెల్టా యావత్తూ బయటపడింది.

"పక్కింటి పిల్లలదండీ" అన్నారు నాన్నగారు. పెళ్లికూతురి తండ్రి నా వేళ్లవైపు చూశారు. వాటికింకా వరిచేల రంగు వదల్లేదు. చేతులు వెనక్కి దాచుకున్నాను. భూమి చీలితే బాగుండుననిపించింది గానీ, మాది మేడమీద వాటా. చీలినా కింద మిరపకాయల బస్తాలమీద పడతాను తప్ప దాక్కునే దారి లేదు.

నాయనమ్మ మాత్రం ఒంగి పట్టాల వెంట వేలు పోనిస్తోంది. "ఇది మావూరొస్తుందా అబ్బాయ్?"

"లేదండీ, గుడివాడతో ఆఖరు."

"మావూరికి నిజం రైలూ రాకపోయె. నువ్వన్నా ఏసెయ్యి, ఆ బస్సుల్లో ఒళ్లు హూనమైపోతోంది."

అందరూ గొల్లుమన్నారు. నేను తల ఎత్తలేదు.

సంబంధం మాత్రం కుదిరింది. కుదిరిన సంతోషంకంటే ఆ నవ్వే చెవుల్లో మోగుతుంటే, ముహూర్తం లోపల రైల్వే మొత్తాన్ని ముక్కలు చేశాను. నా మంగళస్నానానికి నీళ్లు కాగింది ఆ రైలుపెట్టెల మంటతోనే. ఆ తరవాత అత్తారింటికి వెళ్లినప్పుడల్లా నాయనమ్మ "ఏశావా అబ్బాయ్?" అని అడిగేది. నేను వెక్కిరింతనుకుని, కంచంలోకి తల దూర్చి పప్పు మరోసారి అడిగేవాణ్ణి. ఆ ఇంట్లో నేను తిన్న పప్పులో సగం ఆ ప్రశ్న పుణ్యమే. ఆవిడ పోయాక, పెద్దకర్మ రోజున మా ఆవిడ చెప్పింది: "ఎగతాళి కాదండీ. మా మనవరాలి మొగుడు మనూరికి రైలేస్తున్నాడని వీధిలో అందరికీ చెప్పేది. మన సంబంధం వద్దన్నవాళ్లనీ ఆవిడే నోరు మూయించింది."

ఇప్పుడు కాలం మారింది. ఎవరి సరదా వాళ్లు ముందుగదిలోనే పెట్టుకుంటున్నారు, దుప్పట్లు పరుపులమీదే ఉంటున్నాయి. కావాలంటే పట్టాలూ ఇంజన్లూ గుమ్మంలోకే వస్తాయి, వేసుకుంటే నవ్వేవాడు లేడు. వేసి ఎవర్ని ఎక్కించను? నా రైలెక్కుతానని అడిగిన మనిషి లోకం మొత్తంమీద ఒక్కతే. ఆవిడ ముందు తల దించుకుని కూర్చున్నానే, ఆ సిగ్గుకి ఇప్పుడు సిగ్గేస్తోంది.