కిరసనాయిలు పళ్ళెంలో గొట్టం

పెద్ద మేస్త్రి చేతిలో బండి చక్రం పడిందంటే కథ మొదలైనట్టే. మోటారు సైకిళ్ళు బాగుచేయడంలో అతణ్ణి మించినవాడు ఆ వీధిలో లేడు. తన గొప్ప తానే చెప్పుకోవడంలో మాత్రం ఏ వీధిలోనూ లేడు. షాపు ముందు బల్ల మీద రోజూ వచ్చి కూర్చునే రిటైరైన కండక్టరు ఆ కథ వందసార్లు విని ఉంటాడు. అయినా "ఊఁ, తర్వాత?" అంటూనే ఉంటాడు. పాపం, ఆ ఎండలో ఇంకెక్కడికి పోతాడు?

కథ సొంత తమ్ముడిదే. పన్నెండేళ్ళ కిందట అన్నదమ్ములిద్దరూ ఒకే షాపులో పనిచేసేవారు. ఒకనాడు తమ్ముడు ఒక బండి ముందు చక్రానికి కొత్త బేరింగులు వేశాడు. చక్రం నడుమ హబ్బులో అటొకటి, ఇటొకటి రెండు బేరింగులుంటాయి. వాటి మధ్య జానెడు కూడా లేని ఇనప గొట్టం ఒకటుండాలి. అది లేకపోతే ఇరుసు బిగించగానే బేరింగులు నొక్కుకుపోయి, వేడెక్కి, నడిదారిలో చక్రం తిరక్కుండా పట్టేస్తుంది. తమ్ముడు ఆ గొట్టమే మరిచిపోయాడు. చక్రం బిగుతుగా తిరుగుతోందేమిట్రా అంటే, "కొత్తవి కదన్నయ్యా, నాలుగు రోజులు తిరిగితే అవే వదులవుతాయి," అన్నాడు.

అన్న ఆ చక్రం విప్పించి, తమ్ముణ్ణి పదిమందిలో నిలబెట్టి, "గొట్టం మింగేశావేంట్రా? నీకు బళ్ళెందుకురా, పోయి బొంగరాలు తిప్పుకో!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. తమ్ముడు చేతులు తుడుచుకుని వెళ్ళిపోయి, ఊరి చివర వంతెన పక్కన సొంత షాపు పెట్టుకున్నాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆ రోజు టీకాల నర్సమ్మ బండి వచ్చింది. ముందు చక్రం గుంటలో పడి వంకర తిరిగింది, మార్చేయాలి. వెనక సీటుకి కట్టిన పెట్టెలో ఐసు మధ్య టీకాలున్నాయి. మధ్యాహ్నంలోగా ఆవిడ నాలుగు పల్లెలు తిరగాలి.

పెద్ద మేస్త్రి పాత హబ్బులోంచి గొట్టం ఊడదీసి, కడగడానికి కిరసనాయిలు పళ్ళెంలో వేశాడు. కొత్త హబ్బులో ఒక బేరింగు పెట్టి, దెబ్బ నేరుగా తగలకుండా దాని మీద పాత బేరింగు అడ్డం పెట్టి సుత్తితో దించాడు. సరిగ్గా అప్పుడే కండక్టరు, "అవునూ, ఆ రోజు మీ తమ్ముడు ఏమన్నాడూ?" అన్నాడు. ఇంకేం! మేస్త్రి తమ్ముడి గొంతు అనుకరిస్తూ, నవ్వుతూ, చక్రం తిరగేసి రెండో బేరింగూ దించేశాడు.

ఇరుసు బిగించి తిప్పితే చక్రం రెండు చుట్లు తిరిగి ఆగింది.

"బిగుతుగా ఉన్నట్టుందే, మేస్త్రి గారూ?" అంది నర్సమ్మ.

"కొత్తవి కదమ్మా, నాలుగు రోజులు తిరిగితే అవే వదులవుతాయి."

ఆవిడ వెళ్ళిపోయింది. కాసేపటికి ఏదో బోల్టు కోసం పళ్ళెంలో చెయ్యి పెడితే వేళ్ళకి గొట్టం తగిలింది.

అతని చెవులు వేడెక్కిపోయాయి. చటుక్కున గొట్టం మీద గుడ్డ కప్పేశాడు. ముందు చక్రం పట్టేస్తే మనిషి ఎలా ఎగిరి పడుతుందో అతనికి తెలియనిదా? జేబులో ఫోనుంది, అందులో నర్సమ్మ నంబరుంది. "ఆగండమ్మా, పొరపాటు జరిగింది," అంటే చాలు. కానీ బల్ల మీద కండక్టరున్నాడు. వింటాడు. సాయంత్రానికి ఊరంతా వింటుంది. పాడు పరువు! మేస్త్రి ఫోను తీశాడు, మళ్ళీ జేబులో పెట్టాడు. పావుగంట అలాగే గడిచింది.

తర్వాత ఆ ఫోనే మోగింది.

"మేస్త్రి గారూ, వంతెన దగ్గర చక్రం పట్టేసి పడిపోయానండీ. మోచెయ్యి దోక్కుపోయింది. పెట్టె బాగానే ఉంది. మీ తమ్ముడే లేవదీశాడు. బేరింగులు నకిలీవట, మా అన్నయ్య బిగింపులో తప్పుండదు అంటున్నాడు. ఎవరమ్మారో కనుక్కోండి."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. గుడ్డ కింద నుంచి గొట్టం తీసి కండక్టరుతో, "లే, నువ్వూ రా. కథలో మిగతాది విందువుగాని," అన్నాడు.

వంతెన పక్క షాపులో అయిదారుగురున్నారు. మోచేతికి కట్టుతో నర్సమ్మ స్టూలు మీద కూర్చుంది. తమ్ముడు చక్రం ముందేసుకుని ఉన్నాడు. పెద్ద మేస్త్రి అందరికీ కనపడేలా గొట్టం ఎత్తి పట్టుకున్నాడు.

"తప్పు బేరింగులది కాదమ్మా, నాది. ఇది వెయ్యడం మరిచిపోయాను. మీరెళ్ళిన కాసేపటికే చూశాను. చూసి కూడా పావుగంట నోరు మూసుక్కూర్చున్నాను."

"మరిచిపోయారంటే సరే," అంది నర్సమ్మ. "తెలిశాక కూడానా?"

ఆవిడ ముఖం తిప్పుకుని పెట్టె మూత సరిచూసుకుంది.

"ఊరుకో అన్నయ్యా, అందరూ వింటున్నారు," అన్నాడు తమ్ముడు మెల్లగా.

"విననీరా. ఆ రోజు నిన్నన్నప్పుడు వినలేదూ?"

తమ్ముడు చెయ్యి చాపి గొట్టం తీసుకున్నాడు. తన షాపులో ఉన్న కొత్త బేరింగు ఒకటి అప్పటికే దించి పెట్టాడు. గొట్టం వేసి, రెండోది దించి, ఇరుసు బిగించాడు. తిప్పితే చక్రం ఆగకుండా, చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. నర్సమ్మ తమ్ముడికి మాత్రమే వెళ్ళొస్తానని చెప్పి బండెక్కింది.

"ఒకటే దించి ఆపావేం?" అని అడిగాడు అన్న.

"గొట్టం కోసం ఆగాను. కడగడానికి ఎప్పుడూ పళ్ళెంలోనే వేస్తావుగా, అక్కడ కనపడగానే నువ్వు పరిగెత్తుకొస్తావని నాకు తెలుసు కదన్నయ్యా. ఇంకా రాలేదేంటా అని చూస్తున్నాను."

పెద్ద మేస్త్రి తలెత్తలేకపోయాడు. తమ్ముడు స్టూలు జరిపి కూర్చోమన్నా కూర్చోలేదు.

తిరిగొచ్చే దారంతా కండక్టరు పక్కనే నడిచాడు. ఒక్కసారైనా "ఊఁ, తర్వాత?" అనలేదు.