నలభై పేర్లు, ఒకే వేలు

2023 ఎండాకాలం. ఉప్పల్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. నాచారంలో మందుల పెట్టెలు ప్యాక్ చేసే ఒక ఫ్యాక్టరీకి మేం యాప్ చేసి ఇచ్చాం. అప్పటిదాకా కాగితం మీద రాసే చెకింగ్ వివరాలు ఇక టాబ్లెట్‌లో నొక్కాలి.

కొత్తవాళ్ల కోసం వాక్‌త్రూ పెట్టాను. అంటే, తెర మీద ఒక్కో బటన్ దగ్గర చిన్న డబ్బా వెలిగి, ముందు ఇది నొక్కండి, తర్వాత ఇది అని చెబుతుంది. అది ఎవరికి కనపడాలో ట్యాగ్‌లు నిర్ణయిస్తాయి. ట్యాగ్ అంటే యాప్ తనంతట తానే మనిషి పేరుకు తగిలించే గుర్తు. మొదటిసారి లాగిన్ అయితే ‘కొత్త’, డబ్బాలన్నీ చివరిదాకా నొక్కితే ‘పూర్తయింది’. ఆ రెండోది పడ్డాక డబ్బాలు మళ్లీ రావు. ఆ ట్యాగ్‌ల మీద నాకు గుడ్డి నమ్మకం.

మూడో రోజే ఫోన్ వచ్చింది. పదకొండేళ్లుగా చెకింగ్ టేబుల్ దగ్గర పనిచేస్తున్న యాదమ్మ, ఆపాల్సిన సరుకును ‘ఓకే’ నొక్కి పంపేసిందట. లారీ ఎక్కకముందే పట్టుకున్నారు. మేనేజర్ నన్ను పిలిపించాడు. తప్పు యాప్‌దని తేలితే నా పరువు పోతుందని భయం. అందుకే ప్యాకింగ్ లైన్‌లో అందరి ముందూ ల్యాప్‌టాప్ తెరిచి ఆమె పేరు చూపించాను. పక్కనే ‘పూర్తయింది’ అని ఆకుపచ్చ టిక్కు.

"నాకు గా డబ్బాలు ఏం రాలే సారు. నేను సూడనే లే," అంది యాదమ్మ.

"చూశారమ్మా. సిస్టమ్ అబద్ధం చెప్పదు," అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ రోజే ఆమెను చెకింగ్ నుంచి తీసేసి అట్టపెట్టెలు మడిచే పనికి పంపారు. నేను ఉప్పల్ తిరిగొచ్చి హాయిగా ఛాయ్ తాగాను. ఈ మాట రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

వారం తర్వాత వేరే పని మీద ఆ వివరాలు తెరిస్తే, నలభై మంది వాక్‌త్రూలూ ఒకే టాబ్లెట్‌లో, ఒకే పొద్దున, వరసగా అరగంటలో అయిపోయి ఉన్నాయి. సూపర్‌వైజర్ శ్రీనన్నకు ఫోన్ చేశాను.

"నేనే జేసిన అన్నా. అందరి హాజరు గూడ నేనే ఏస్త గద. లైన్ ఆగొద్దని పొద్దుగాల్నే అందరి లాగిన్లు తెరిచి నెక్స్ట్, నెక్స్ట్ కొట్టిన. ఏమైంది?"

తల కొట్టేసినట్లయింది. అతను రోజూ చేసే పద్ధతిలోనే చేశాడు. విచారించకుండా సాక్ష్యం చెప్పింది నేను.

ఎవరికి వారు మూడు ఎంట్రీలు సరిగ్గా చేసేదాకా ‘పూర్తయింది’ పడకుండా మార్చాను. మేనేజర్‌కు నిజం చెబితే, యాదమ్మను మర్నాటి నుంచి మళ్లీ చెకింగ్‌లో పెడతానన్నాడు. తర్వాత యాదమ్మను క్యాంటీన్ పక్కకు పిలిచి, తప్పు నాదేనమ్మా, క్షమించండి అన్నాను.

"గప్పుడు నలుగుర్ల అంటివి. గిప్పుడు మూలకు పిలిచి జెప్తున్నవా సారు?"

మర్నాడు షిఫ్టు మొదలవగానే లైన్ ముందు నిలబడి అదే మాట అందరికీ చెప్పాను. యాదమ్మ నావైపు చూడలేదు. తన పాత చెకింగ్ టేబుల్ దగ్గరికి వెళ్లి టాబ్లెట్ తీసుకుంది.

ఇప్పుడు ఎవరి పేరు పక్కన టిక్కు కనపడినా, ముందు ఆ మనిషినే అడుగుతాను, మీరు చూశారా అని. యాదమ్మ ఆ రోజు నేను అడగకుండానే చెప్పింది.