బాలవ్వ కొలతలూ సిరిసిల్ల కండే

కోరుట్లలో బీడీలు చుట్టే ఆ వాడకు కొలతలన్నీ బాలవ్వ నోటి నుంచే రావాలి. బస్టాండు ఎంత దూరమని అడిగితే “రెండు బీడీలు తాగేంత” అనేది. మొగుడు రామస్వామి కోపం అగ్గిపుల్లంత. భగ్గుమని, వేలు కాలక ముందే ఆరిపోతుంది. పెండ్లి విందులో పడ్డ కూర ముక్క ముక్కుపుల్లంత. పొద్దున ఆమె అన్న మాట సాయంత్రానికి వాడంతా అనేది. మధ్యాహ్నం ఆడవాళ్ళు చాటల్లో తునికాకు, తంబాకు పెట్టుకుని అరుగు మీద చేరితే నడిమి జాగా బాలవ్వదే.

పుట్టిన పిల్లలను కొలిచేదీ ఆమే. పురుడు నాడు బిడ్డను కొత్త చాటలో పడుకోబెట్టి “ఎంతున్నది బాలవ్వా?” అని అడుగుతారు. బిడ్డ ఎంత బొద్దుగా ఉన్నా, దిష్టి తగలకుండా చిన్న చేసి చెప్పాలి. ఆ మాటే ముద్దుపేరై నిలిచిపోతుంది. తలుపుకు తల తగిలేంత ఎదిగిన మధును వాడ ఇప్పటికీ “గిద్దె” అనే పిలుస్తుంది.

అలాంటి వాడలోకి సిరిసిల్ల నుంచి మహమూదా బేగం కోడలై నాహీద్ వచ్చింది. ఆమె పుట్టింటి గోడ పక్కనే సాంచెలు, అదే మరమగ్గాలు, ఎప్పుడూ ఆడుతూనే ఉండేవట.

“మా ఆయన గురక నాలుగు సాంచెలంత ఉంటది. అమ్మగారింట్ల ఉన్నట్టే అనిపించి మంచిగ నిద్ర పడ్తది నాకు,” అంది మొదటి రోజే.

అరుగంతా పగలబడి నవ్వింది. బాలవ్వ కూడా నవ్వింది కానీ, ఆమె చేతిలో ఆకు చిరిగిపోయింది.

నాలుగు రోజులు తిరగకముందే, ఎన్నో ఏళ్ళ జతగత్తె లచ్చవ్వ కూడా “తలకాయల రెండు సాంచెలు ఆడుతున్నయే” అనడం మొదలుపెట్టింది.

“బీడీ సక్కగ చుట్టరాదు గని, మాటలు మూరెడు చుడ్తది గా పోరి,” అంది బాలవ్వ.

“మూరెడేందే, చీరంత!” అంది లచ్చవ్వ మురిసిపోతూ.

అంతలో లచ్చవ్వ కోడలు వసంతకు ఆడపిల్ల పుట్టింది. పురుడు నాడు చాటలో బిడ్డను పడుకోబెడుతూ లచ్చవ్వ ఎవరితోనో అన్న మాట బాలవ్వ చెవిన పడింది: “ఈసారి నాహీదును అడుగుదామా? కొత్తగ ఉంటది.”

అడగనిస్తే ఇక అరుగు మీద తన జాగా పోయినట్టే. బాలవ్వ అందరినీ తోసుకుని వచ్చి చాట మీదికి వంగింది. సాంచెల కన్నా పెద్ద నవ్వు రావాలి.

“అబ్బో, లచ్చవ్వా! నీ మనుమరాలు బాయి మోటరంత ఉన్నదే!”

ఒక్కరూ నవ్వలేదు. వసంత చప్పున బిడ్డను గుండెకు హత్తుకుంది.

“దిష్టి పెడ్తివి గదనే పిల్లకు!” అంది లచ్చవ్వ.

వాడలో ఏ బిడ్డకూ తప్పని ఆచారం బాలవ్వ నోటనే తప్పింది.

“ఏడి మోటరు అవ్వా?” అంది గడపలో నిలబడ్డ నాహీద్. “నీ కండ్లద్దాలు మార్చాలె. మా సాంచెల నూలు చుట్టే కండె ఉంటది గద, వేలంత? గా కండెంత గూడ లేదు గీ పోరి. థూ, థూ!”

వసంత కిసుక్కున నవ్వింది. లచ్చవ్వ ఊపిరి పీల్చుకుని “నా కండెమ్మా!” అంటూ బిడ్డను అందుకుంది. తర్వాత అరుగు మీద చేరినప్పుడు నాహీద్ నడిమి జాగా బాలవ్వకే వదిలి, అంచున కూర్చుంది.

మాటకారితనం చాలదన్నట్టు మంచితనం కూడానా దీనికి! అనుకుంది బాలవ్వ ఆ రాత్రి.

మర్నాడు ఆమె వంటింట్లో ఒక్కో డబ్బా మూత తీసి చూడసాగింది. ఎదురింటి రవీందర్ పెండ్లానికి నెలలు నిండాయి మరి.

“ఏం దేవులాడుతున్నవే?” అన్నాడు రామస్వామి.

“కండె కన్న చిన్నది ఏమన్న ఉన్నదా అని.”

“నీ మనసున్నది గద!”

ఆ పూట రామస్వామికి చాయ్ సీసా మూతంతే దక్కింది.